మిగిలిన నీళ్లు ఎవరి లెక్కలోకి పోయాయి?

సమాజం, పర్యావరణం, అభివృద్ధి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రోస్టో, ఫ్రాంక్, సుస్థిరాభివృద్ధి అని నోట్సులో విడివిడిగా రాసుకుని బట్టీ పడుతున్నాం. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఏమిటో తెలియడం లేదు. మన ప్రాంతం ఉదాహరణతో చెప్పగలరా?
— ఎం.ఏ. విద్యార్థిని, తిరుపతి

జవాబు: మూడింటినీ ఒకే పంట మీద పెట్టి చూడండి, తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చిత్తూరు వైపు అందుకు తోతాపురి మామిడిని మించింది లేదు.

ప్రతి దేశమూ ఐదు దశలు దాటుతుందని అమెరికా ఆర్థికవేత్త రోస్టో 1960లో రాశాడు. సంప్రదాయ సమాజం, ప్లవనానికి (టేకాఫ్‌కు) ముందు పరిస్థితులు, ప్లవన దశ, పరిపక్వత వైపు పయనం, అధిక వినియోగ దశ. ఆయన కళ్లతో చూస్తే వేరుశనగ, రాగి పండిన మెట్ట మామిడి తోటయింది, తోటల మధ్య పల్ప్ ఫ్యాక్టరీలు లేచాయి, గుజ్జు డబ్బాలు ఓడలెక్కాయి. అంతా ముందడుగే. పెట్టుబడి, యంత్రం, మార్కెట్టు అందితే మిగతాది దానంతటదే నడుస్తుందని ఆయన ధీమా.

ఆర్థికవేత్త ఆండ్రే గుండర్ ఫ్రాంక్ 1966లో ఈ వాదాన్ని తలకిందులు చేశాడు. వెనకబాటుతనం అంటే అభివృద్ధి ఇంకా మొదలవకపోవడం కాదు, సంపన్న కేంద్రాలతో ముడిపడిన తీరే దాన్ని తయారుచేస్తుందన్నాడు. అంతకుముందే లాటిన్ అమెరికా ఆర్థికవేత్త ప్రెబిష్, ముడిసరుకు అమ్ముకునే దేశాలకు దీర్ఘకాలంలో బేరం నష్టంగానే సాగుతుందని వాదించి ఉన్నాడు. తోతాపురి రైతుకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, ధర పడిందని మరుసటి ఏడు పంట మార్చలేడు. కోసిన కాయ ఎన్నో రోజులు ఆగదు. ఫ్యాక్టరీలో శుద్ధి చేసి మూసిన గుజ్జు ఏడాది దాటినా నిలుస్తుంది. గోడౌన్లో నిరుటి నిల్వ ఉన్నవాడు బేరానికి ఆగగలడు, గేటు ముందు ట్రాక్టరుతో నిలబడ్డవాడు ఆగలేడు. 2025 సీజనులో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దాని మీద తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చిందంటే బేరంలో ఎవరి బలం ఎంతో అర్థమవుతుంది.

ఈ ఇద్దరి లెక్కలోకీ రానిది తొక్క, టెంక, కడిగిన నీళ్లు. కాయ బరువులో సగానికి దగ్గరగా గుజ్జు కాకుండా మిగిలిపోతుంది. చక్కెర, పీచు కలిసిన ఆ కడుగు నీళ్లను శుద్ధి చేయకుండా కుంటలోకి వదిలితే, అవి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అంతా ఖర్చయిపోయి చేపలు చస్తాయి. ఆ ఖర్చు గుజ్జు ధరలో ఉండదు, కుంట కింది ఊరు భరిస్తుంది. సుస్థిరాభివృద్ధిని నిర్వచించిన 1987 బ్రంట్‌లాండ్ నివేదిక ముందుకు తెచ్చింది ఈ వదిలేసిన లెక్కనే. నేటి అవసరాలు తీరాలి, రేపటివారు తమ అవసరాలు తీర్చుకునే శక్తి పోకూడదు అన్నంతవరకే అందరూ రాస్తారు. ఆ వెంటనే నివేదిక రెండు మాటలు కలిపింది: అవసరాల్లో పేదల అవసరాలది మొదటి స్థానం, సాంకేతికత, సమాజ నిర్మాణం ఎలా ఉన్నాయన్న దాన్నిబట్టి పర్యావరణ సామర్థ్యానికి పరిమితులుంటాయి. ఈ భాగం వదిలేస్తే నిర్వచనం శుభాకాంక్షల కార్డులా తయారవుతుంది.

పరీక్షలో ఏ సిద్ధాంతం వచ్చినా ఒకటే అడగండి: ఇది గీత ఎక్కడ గీసి లెక్క కడుతోంది? రోస్టో దేశం సరిహద్దు దగ్గర గీశాడు, ఫ్రాంక్ ప్రపంచ మార్కెట్టు చుట్టూ గీశాడు, బ్రంట్‌లాండ్ రాబోయే తరాన్ని కూడా లోపలికి తెచ్చింది. పోలికలు, విమర్శలు వాటంతటవే వస్తాయి.

ప్రశ్న: మాది పుంగనూరు పక్క పల్లె. డ్రిప్పు వేసుకుంటే నీళ్లు మిగుల్తాయంటే ఊరంతా వేసుకున్నాం. మిగిలింది లేదు సరికదా, ఎండాకాలం రాకముందే బోర్లు ఆగి ఆగి పోస్తా ఉండాయి. తప్పు డ్రిప్పుదా, మాదా?
— రైతు, పుంగనూరు మండలం

జవాబు: డ్రిప్పుది కాదు. పూర్తిగా మీదీ కాదు. లెక్క చేను గట్టు దగ్గర ఆగిపోయింది, నీళ్లేమో గట్టు కిందుగా ఊరంతా ఒకటే.

ఒక ఎకరంలో 1 మి.మీ. నీరు అంటే 4,047 లీటర్లు. రెండెకరాల రబీ వేరుశనగకు కాలువ తడి పెడుతున్నారనుకుందాం. పంట కాలమంతా కలిపి 700 మి.మీ. తోడారు. పైరు తాగింది, ఎండకు ఆరింది కలిపి 450. మిగిలిన 250 మళ్లీ భూమిలోకే దిగింది. రెండెకరాలకు అసలు ఖర్చు 36.4 లక్షల లీటర్లు. ఇప్పుడు డ్రిప్పు పెట్టారు. ఎకరానికి 500 మి.మీ. తోడితే చాలు. కానీ పైరు మాత్రం 450 తాగుతూనే ఉంది, తగ్గింది కిందికి దిగే నీరే. 'మిగిలిన' నీటితో మూడో ఎకరం కూడా వేశారు. మోటారు తోడేది దాదాపు అంతే, రెండెకరాలకు 700 చొప్పున 1,400 ఉన్నది మూడెకరాలకు 500 చొప్పున 1,500 అయింది. భూమి నుంచి తిరిగిరాకుండా పోయేది మాత్రం 54.6 లక్షల లీటర్లయింది. ఒకటిన్నర రెట్లు. ఇదే పని ఊరంతా చేస్తే ఏమవుతుందో మీ బోరు చెబుతూనే ఉంది.

పొదుపు చేసే యంత్రం వస్తే మొత్తం వాడకం పెరగవచ్చునని ఆర్థికవేత్త జేవన్స్ 1865లోనే ఇంగ్లండు బొగ్గు గురించి రాశాడు. మన దగ్గర దానికి అనుకూలంగా రెండు విధానాలు వెంటవెంటనే వచ్చాయి. రాష్ట్రంలో సూక్ష్మసేద్య ప్రాజెక్టు 2003 నవంబరులో మొదలైంది, 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చింది. రెండూ రైతుకు మేలు చేసినవే. కానీ నీటిని తక్కువ వాడినవాడికి ఒక్క రూపాయి కూడా మిగలని చోట, మిగిల్చిన నీళ్లు పక్క ఎకరంలోకి పోక ఇంకెక్కడికి పోతాయి?

ఇక నీటి ఆదాయం, అంటే భూమిలోకి కొత్తగా చేరే నీటి వైపు చూడండి. మన ప్రాంతం ఎక్కువగా గట్టి రాయి. పైన పెళుసుబారిన పొరలో, కింద పగుళ్లలో మాత్రమే నీరుంటుంది. ఇలాంటి నేలల్లో కురిసిన వానలో 8 నుంచి 11 శాతం భూమిలోకి దిగుతుందని భూగర్భజల అంచనాల్లో తీసుకుంటారు. ఏడాదికి 900 మి.మీ. వాన, 10 శాతం అనుకుంటే ఎకరానికి 3.64 లక్షల లీటర్లు. అంటే మీ పాత రెండెకరాలు పది ఎకరాల మీద కురిసిన వానను తాగాయి, కొత్త మూడెకరాలు పదిహేను ఎకరాల వానను తాగుతున్నాయి. వరికి 1,200 మి.మీ. పెట్టి ఇదే లెక్క మీరే వేసుకోండి. అందులో కొంత కిందికి దిగి తిరిగొస్తుందనుకున్నా భయం వేస్తుంది.

చేయగలిగిందేమిటంటే ఊరి నీటి లెక్క. ఇది మన జిల్లాకు కొత్త కాదు. రైతులే నిర్వహించే భూగర్భజల ప్రాజెక్టు ఒకటి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, వాటిలో చిత్తూరు ఒకటి. ఫలానా పంట వేయొద్దని అందులో ఎవరినీ ఆపలేదు. రైతులే కొలిచారు, రబీకి ముందు అందరూ కూర్చుని లెక్క వేశారు, ఎవరి నిర్ణయం వారు తీసుకున్నారు.

కొలతలు మూడు. వానకొలత పాత్రను చెట్టూ గోడా లేని చోట, పక్కన చెట్టుంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టి, రోజూ ఉదయం 8.30కి చూడాలి. బోరు నీటిమట్టాన్ని పదిహేను రోజులకోసారి, మోటారు రాత్రంతా ఆగిన తర్వాత, కేసింగు మీద పెట్టుకున్న ఒకే గుర్తు నుంచి కొలవాలి. మోటారు ఆపిన పది నిమిషాలకే టేపు వేస్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. మే ఆఖరు కొలత, నవంబరు ఆఖరు కొలత మాత్రం తప్పకూడదు. మనకు రెండు రుతుపవనాల వానా ఉంది కాబట్టి ఏడాది ఆదాయం ఈ రెంటి మధ్యే తేలుతుంది. మూడోది పోత. 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నిండితే గంటకు 9,000 లీటర్లు. చాలామంది కరెంటు వచ్చిన వెంటనే కొలిచి సంబరపడతారు. గట్టిరాతి బోరు మొదట జోరుగా పోసి తర్వాత తగ్గుతుంది, కాబట్టి మొదట్లో, మధ్యలో, ఆపే ముందు మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

అక్టోబరులో ఒకరోజు కూర్చోండి. అప్పటిదాకా పడిన వాన, ఊరి విస్తీర్ణం, 10 శాతం. అందులోంచి తాగునీరు, పశువుల నీరు ముందు తీసేయండి. మిగిలినదాన్ని ఎవరెవరు ఏ పంట ఎన్నెకరాలు వేయాలనుకుంటున్నారో ఆ పట్టిక పక్కన రాసి, రచ్చబండ దగ్గర గోడ మీద పెట్టండి. ఇది చెడిపోయే తీరు కూడా తెలిసిందే. పెద్ద బోర్లున్న నలుగురు ఆ రోజు రారు. కౌలు రైతుల పేర్లు పట్టికలో ఉండవు. పంచాయతీ హద్దుతో లెక్క కడతారు, నీరు మాత్రం వంక పరీవాహక హద్దును బట్టి నడుస్తుంది. పైఊరు లేకుండా కిందిఊరు ఒక్కటే వేసిన లెక్క ఏడాదికే తప్పుతుంది.

వెయ్యి అడుగులు వేద్దామా అని మీ ఊళ్లో అడిగేవాళ్లుంటారు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. తగిలినా అది కొత్త నీరు కాదు, పైనుంచి చేరాల్సిందే. ఈ పందెంలో ముందు ఎండేది దిగుడు బావి, తర్వాత 300 అడుగుల బోరు, చివరికి అప్పు పుట్టించుకోగలిగినవాడు మిగులుతాడు. ఉచిత కరెంటు ఫలితం కూడా నీళ్లున్న బోరుకే, ఎండిన బోరు రైతుకు అది సున్నా.

ప్రశ్న: ఉమ్మడి ఆస్తి ఎప్పటికైనా పాడవుతుందని హార్డిన్ అన్నాడని చదివాం. మా ఊరి చెరువు చూస్తే నిజమే అనిపిస్తుంది. దాన్ని ఇరిగేషన్ శాఖకు పూర్తిగా అప్పగించడమే మేలా?
— ఉపాధ్యాయుడు, పలమనేరు

జవాబు: గారెట్ హార్డిన్ 1968 వ్యాసంలో చెప్పిన పచ్చిక బీడుకు కాపలా లేదు, కట్టుబాటు లేదు, ఎవరైనా ఎన్ని పశువులనైనా తోలొచ్చు. అది ఉమ్మడి ఆస్తి కాదు, దిక్కులేని ఆస్తి. నిర్వహణ లేని ఉమ్మడి గురించే తాను చెప్పానని ఆయనే తర్వాత సవరించుకున్నాడు. ఎలినార్ ఓస్ట్రోమ్ 1990లో స్పెయిన్, ఫిలిప్పీన్స్ కాలువలు, స్విట్జర్లాండ్, జపాన్ కొండబీళ్లు పరిశీలించి, వందల ఏళ్లు నిలిచిన ఉమ్మడి వనరుల్లో కనిపించే ఎనిమిది లక్షణాలు రాసింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఆ ఎనిమిదింటిలో సగం మన పాత చెరువులో ఉన్నవే. ఆయకట్టు ఎవరెవరిదో తెలుసు, అంటే హద్దు ఉంది. నీరుగంటి తూము తీసి మడిమడికీ వంతు ప్రకారం నీరు పారించేవాడు, అతడి కూలి పంటలో వాటా. అంటే కాపలాదారు జీతం రైతు చేతిలో ఉంది. చెరువు తవ్వించినవారికి, బాగుచేసేవారికి ఆ పనికి బదులుగా ఇచ్చిన దశబంధ ఇనాము భూములుండేవి. అయితే దీన్ని సత్యయుగం చేసి చూపేవాళ్లతో మాకు పేచీ ఉంది. నీరుగంటి ఎక్కువగా దళితుడు, తూము తీసే చెయ్యి అతడిది, ఎప్పుడు తీయాలో చెప్పే నోరు మరొకరిది. కుడిమరామత్తు, అంటే చెరువు బాగుకు ఊరివాళ్లు చేసే శ్రమ, పేరుతో జరిగిన పనిలో ఇష్టం ఎంతో, బలవంతం ఎంతో ఆలోచించాలి. 1858లో మద్రాసు ప్రభుత్వం దానికి ఏకంగా నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చింది. ఆ తర్వాత ఇనాములు సాధారణ పట్టా భూములయ్యాయి, బాధ్యత కాగితం మీంచి జారిపోయింది. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. కానీ అప్పటికే బలమైన రైతుకు సొంత బోరుంది. చెరువు నిండకపోయినా నష్టం లేనివాడు సంఘం అధ్యక్షుడైతే ఆ సంఘం ఎలా నడుస్తుంది?

కాబట్టి శాఖా, ఊరా అన్న పోటీ వద్దు. తూము, కట్ట, మొరవ (అలుగు) మరమ్మతు శాఖ ఇంజినీరు చేయాలి. వంతులు, కాపలా, పూడిక మట్టి పంపకం ఊరు చూసుకోవాలి.

పూడికతీతలో ఏటా అవే తప్పులు జరుగుతున్నాయి కాబట్టి కాస్త వివరంగా. మొదట చేయాల్సింది నీరొచ్చే కాలువ, చెరువు కడుపు కాదు. ఎగువన కాలువ పూడిపోయి, గట్లు చేలల్లో కలిసిపోయి ఉండగా చెరువును ఎంత లోతు తవ్వినా ఖాళీ గిన్నె పెద్దదవుతుందంతే. తర్వాత తూము అడుగుమట్టం చూడండి. అంతకంటే లోతుగా తవ్విన గుంతలో నిలిచే నీరు తూములోంచి ఆయకట్టుకు పోదు. పశువులకు, చేపలకు, చుట్టుపక్కల బోర్లకు మేలే, కానీ ఆ మాట ఆయకట్టు రైతులకు ముందే చెప్పి ఒప్పించాలి. కట్ట పాదాన్ని ఆనుకుని మాత్రం ఒక్క గంప కూడా తీయకూడదు, అక్కడి గుంత నుంచే ఊట మొదలై కట్టను లోపల్లోపల తినేస్తుంది. కొత్త ప్రమాదం మరొకటి: మంచి వాన పడినప్పుడు మరో అడుగు నిలబెడదామని మొరవకు అడ్డంగా ఇసుక బస్తాలు వేస్తారు. మట్టికట్ట పైనుంచి నీరు దొర్లిందంటే ఇక నిలవదు. 2021 నవంబరు వానల్లో రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు ప్రమాదం వచ్చి దిగువ ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. నిండిన పెద్ద చెరువు కట్ట ఎంత పని చేయగలదో తిరుపతి చుట్టుపక్కలవారికి వేరే చెప్పనక్కర్లేదు.

పూడిక మట్టి ఎర్రనేలకు మంచిది. ఎకరమంతా 1 సెం.మీ. మందాన పరచడానికి 40 ఘనమీటర్లు కావాలి, 3 ఘనమీటర్లు పట్టే ట్రాక్టరు తొట్టితో 13, 14 లోడ్లు. తోలే ముందు చెరువులో మూడు నాలుగు చోట్ల మట్టి తీసి కలిపి పరీక్షకు ఇవ్వండి. నివేదికలో లవణ సాంద్రత (ఇ.సి.) 4 డి.ఎస్./మీ. దాటితే చేనిలో వేయొద్దు. పట్టణం మురుగు కలిసే చెరువు మట్టినైతే కూరగాయల మడిలోకి అసలు రానీయొద్దు.

ప్రశ్న: ముందు ఆదాయం పెరగనీయండి, తర్వాత పర్యావరణం దానంతటదే బాగుపడుతుంది అని మా సీనియర్లంటారు. కుజ్‌నెట్స్ వక్రరేఖ చెప్పేది అదేగా?
— ఇంజినీరు, శ్రీసిటీ

జవాబు: ఆదాయం పెరిగేకొద్దీ మొదట పెరిగి, ఒక మలుపు తర్వాత తగ్గే తలకిందుల U ఆకారమే ఆ వక్రరేఖ. ఆర్థికవేత్త సైమన్ కుజ్‌నెట్స్ 1955లో దాన్ని చెప్పింది ఆదాయ అసమానత గురించి, పర్యావరణం ఊసే లేదు. ఆ ఆకారాన్ని కాలుష్యానికి తెచ్చి తగిలించింది 1991లో గ్రాస్‌మన్, క్రూగర్. గంధక వాయువు లాంటి, కళ్లు మండించే స్థానిక కాలుష్యాల విషయంలో అది చాలావరకు కనబడింది. అదీ దానంతటదే తగ్గలేదు, జనం గొడవ చేస్తే చట్టాలు వచ్చాయి, చట్టాలతో తగ్గింది. కార్బన్ డయాక్సైడుకు అలాంటి మలుపు నమ్మకంగా దొరకలేదు. మురికి పరిశ్రమను పక్క దేశానికి పంపి సరుకు దిగుమతి చేసుకుంటే సొంత గాలి శుభ్రపడినట్టే కనిపిస్తుంది, ఇక్కడా గీత సరిహద్దు దగ్గరే గీశారు. ఎండిన భూగర్భం, నరికిన ఎర్రచందనం తలసరి ఆదాయం పెరిగిందని తిరిగి రావు.

ప్రశ్న: పేదరికమే అతిపెద్ద కాలుష్యం అని 1972లో ఇందిరాగాంధీ అన్నారని గ్రూప్స్ మెటీరియల్‌లో ఉంది. సరైనదేనా?
— పోటీ పరీక్షల అభ్యర్థి, తిరుపతి

జవాబు: స్టాక్‌హోం సదస్సులో 1972 జూన్ 14న ఆమె దాన్ని ప్రశ్నగా అడిగారు. పేదరికం, అవసరం, ఇవే అన్నిటికన్నా ఎక్కువ కలుషితం చేసేవి కావా అని. అడవిలో, అడవి చుట్టూ బతికేవారికి తిండి, పని చూపించకుండా అడవి జోలికి రావద్దని ఎలా చెప్పగలం అన్నది ఆ సందర్భం. అంతేగాని పేదలను కాలుష్యకారకులని నిందించడం కాదు. జవాబులో 'ప్రశ్నించారు' అనే రాయండి.

ప్రశ్న: శేషాచలం అంచున ఉండే యానాది కుటుంబాలతో పనిచేస్తున్నాం. ఎర్రచందనం దొంగతనాల పేరుతో తేనెకూ, వంటచెరకుకూ కూడా అడవిలోకి పోనివ్వడం లేదు. మనుషులను దూరం పెడితేనే అడవి మిగులుతుందా?
— స్వచ్ఛంద కార్యకర్త, తిరుపతి జిల్లా

జవాబు: ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. గిరాకీ మాత్రం విదేశాల్లో ఉంది. 1995 నుంచే దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి, 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు అయింది. అయినా నరుకుడు ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న ఈ అడవుల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చినవారు. లాభం రేవు అవతల, ప్రాణం మీద ప్రమాదం కూలివాడిది. తేనె తీసేవాడికీ, దుంగ మోయించేవాడికీ తేడా చూడని కంచె, అడవిని రోజూ చూసే కళ్లను బయటకు పంపేస్తుంది.

వన సంరక్షణ సమితి సభ్యత్వాన్ని, అటవీ హక్కును ఒకటిగా చూడకండి. మొదటిది అటవీశాఖ ఇచ్చేది, శాఖే వెనక్కి తీసుకోగలదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చేది చట్టబద్ధమైన హక్కు, జాతీయ పార్కు, అభయారణ్యం లోపల కూడా అది వర్తిస్తుంది. తేనె, చింతపండు, వెదురు లాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం అందులో ఉంది. కలప లేదు, కాబట్టి ఎర్రచందనం లేదు. ఈ మాట దరఖాస్తులోనే స్పష్టంగా రాస్తే సగం అనుమానాలు పోతాయి.

ముందు గ్రామసభ పెట్టి అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోండి. వ్యక్తిగత సాగు భూమికి ఫారం ఎ, గరిష్ఠంగా 4 హెక్టార్లు, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉండాలి. ఫలసాయం, మేత, నీటి వాడకం లాంటి ఉమ్మడి హక్కులకు ఫారం బి. ఊరు కాపాడుకుంటూ వచ్చిన అడవి మొత్తానికి ఫారం సి, ఇది 2012లో చేరింది. చాలా ఊళ్లు ఫారం ఎ వేసి ఊరుకుంటాయి, తేనె సమస్య దానితో తీరదు. యానాదులు షెడ్యూల్డు తెగ కాబట్టి మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం నిరూపించాల్సిన పని లేదు, ఆ షరతు ఇతరులకే. అయినా దరఖాస్తుకు కనీసం రెండు ఆధారాలు జతచేయండి. పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెట్టించినదీ, పాత శ్మశానం, దేవర గుడి, నీటిచెలమ లాంటి గుర్తులూ చెల్లుతాయి. కమిటీ స్థలం చూసి పటం గీయాలి, గ్రామసభ తీర్మానం చేయాలి, అక్కణ్నుంచి సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, తర్వాత జిల్లా స్థాయి కమిటీకి పోతుంది. నోటితో "కుదరదు" అంటే వెనక్కి రాకండి, కారణంతో రాతపూర్వకంగా అడగండి. పై కమిటీకి వెళ్లడానికి గడువు 60 రోజులే.